కీరదోసలో మందుకు లొంగని బూజు తెగులు: రాత్రి తడి సంగతి ముందు చూడండి

గ్రీన్‌హౌస్‌లో పెంచుతున్న కీరదోస ఆకుల మీద పసుపు మచ్చలు వచ్చాయనీ, ఒక వారం కార్బెండజిమ్, మరో వారం హెక్సాకొనజోల్ చొప్పున నెల రోజులుగా పిచికారీ చేస్తున్నా తెగులు కింది ఆకుల నుంచి పైకి ఎక్కుతూనే ఉందనీ, పక్క బెడ్ల మీది టమాటాకు కూడా ఆకులు కోసిన చోట బూడిద రంగు బూజు కనిపిస్తోందనీ మీరు రాశారు. ఇంతకంటే బలమైన మందు ఏదైనా ఉంటే చెప్పమనీ, వచ్చే పంటకు ముందు ఏం చేయాలో కూడా చెప్పమనీ అడిగారు. మందుల పేర్లు చెబుతాను. అయితే మీరు ఇప్పటివరకు కొట్టిన రెండు మందులూ కీరదోసకు వచ్చిన ఈ తెగులు మీద పనిచేసేవి కావు. పనిచేసే మందు తెచ్చి కొట్టినా, రాత్రంతా ఆకు తడిసి ఉంటే తెగులు తాత్కాలికంగా తగ్గి మళ్ళీ వస్తుంది. కనుక ఈ రెండు సంగతులనూ కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

మచ్చలు ఈనెల మధ్య గళ్ళు గీసినట్టు కోణాలు కోణాలుగా ఉన్నాయనీ, తెల్లవారుజామున ఆకు తిప్పి చూస్తే వెనక వైపు బూడిద, ఊదా కలిసిన రంగులో నూగు కనిపించి ఎండెక్కే సరికి పలచబడుతోందనీ మీరు రాసిన మాటలను బట్టి ఇది బూజు తెగులు, అంటే డౌనీ మిల్డ్యూ. దీనిని కలిగించే సూడోపెరోనోస్పోరా క్యూబెన్సిస్‌ను వాడుకలో శిలీంద్రం అంటున్నాము గానీ, నిజానికి అది ఊమైసీట్లు అనే వేరే వర్గానికి చెందిన జీవి. మీరు పెట్టిన మందు ఖర్చు వృథా అయింది ఈ తేడా వల్లనే. హెక్సాకొనజోల్ వంటి ట్రయజోల్ మందులు శిలీంద్ర కణాల పొరకు అవసరమైన ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారు కాకుండా అడ్డుకుంటాయి. ఊమైసీట్లు ఆ పదార్థాన్ని తయారు చేసుకోనే చేసుకోవు కనుక అక్కడ మందు అడ్డుకోగలిగింది ఏమీ లేదు. కార్బెండజిమ్ నిజమైన శిలీంద్రాలలో కణ విభజనను దెబ్బతీస్తుంది గానీ ఊమైసీట్ల మీద దాని ప్రభావం ఉండదు. నెల రోజుల పాటు మీరు మోతాదు తప్పకుండా, శ్రద్ధగానే కొట్టారు. లోపమంతా మందు ఎంపికలో ఉంది.

గుర్తింపులో ఏమాత్రం అనుమానం ఉన్నా ఒక చిన్న పరీక్ష చేయండి. మచ్చలు కొత్తగా పడిన ఆకులను సాయంత్రం రెండు మూడు కోసి, తడిపి పిండిన కాగితంతో కలిపి పాలిథీన్ సంచిలో పెట్టి, మూతి కట్టి, రాత్రంతా చీకటి గదిలో ఉంచండి. పొద్దున్నే పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో మచ్చ వెనక భాగాన్ని చూడండి. బూజు తెగులే అయితే, చెట్టు కొమ్మల్లా చీలిన సన్నని పోగులు ఆకు రంధ్రాల్లోంచి నిలువుగా లేచి, వాటి చివర్లలో ముదురు రంగు గింజల వంటివి వేలాడుతూ కనిపిస్తాయి. ఒకసారి చూస్తే మరి మరచిపోయే దృశ్యం కాదు. మచ్చ ఉండి కూడా ఏ నూగూ రాకపోతే, పోషక లోపమో, బాక్టీరియా మచ్చో, వైరస్సో అయి ఉండవచ్చు. అప్పుడు తెగులు మందు జోలికి పోకుండా నమూనాను ప్రయోగశాలకు పంపడం మంచిది.

దీనిని బూడిద తెగులుతో కలిపి చూడకండి. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల చాలామంది ఒకదాని మందు మరొకదానికి కొడుతున్నారు. బూడిద తెగులులో తెల్లని పొడి ఎక్కువగా ఆకు పైభాగాన కనిపిస్తుంది, వేలితో రాస్తే అంటుకుంటుంది. దాని బీజాలు మొలకెత్తడానికి ఆకు మీద నీటి బొట్టు అక్కరలేదు, గాలిలోని తేమ చాలు. నీరు నిలిస్తే పైగా వాటికి నష్టం. బూజు తెగులు బీజాలకు మాత్రం నీటి పొర తప్పనిసరి, ఎందుకంటే అవి ఆ పొరలో ఈదే సూక్ష్మ బీజాలను విడుదల చేస్తాయి, అవి ఈదుకుంటూ పోయి ఆకు రంధ్రాల ద్వారా లోపలికి దిగుతాయి. అందుకే బూడిద తెగులును కడిగేద్దామని ఆకుల మీద నీళ్ళు చల్లిన తోటలో బూజు తెగులు మొదలవడం నేను చూశాను. క్యాప్సికం మాత్రం ఈ గుర్తులకు మినహాయింపు. దానికి వచ్చే బూడిద తెగులు శిలీంద్రం ఆకు లోపలే పెరిగి, పైన పసుపు మరకగా, వెనక వైపు తెల్లటి పూతగా కనిపిస్తుంది కనుక దానిని బూజు తెగులుగా పొరబడటం సులభం.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే, ఆకు రెండు గంటలు తడిగా ఉన్నా ఈ జీవి లోపలికి ప్రవేశించగలదు. తడి ఎక్కువ సేపు నిలిచిన కొద్దీ మచ్చల సంఖ్య పెరుగుతుంది. ఆకు వెనక కొత్త బీజాలు పుట్టడానికి చీకటి, దాదాపు నూరు శాతం తేమ, కనీసం ఆరు గంటల వ్యవధి కావాలి. ఈ మూడూ మీ గ్రీన్‌హౌస్‌లో ప్రతి రాత్రీ సమకూరుతున్నాయి. చలి తగులుతుందని సూర్యాస్తమయానికి ముందే పక్క తెరలు, పై కిటికీలు పూర్తిగా దించుతున్నామనీ, సాయంత్రం అయిదున్నరకు డ్రిప్పు వదులుతున్నామనీ, ఎండ తగ్గాక పిచికారీ చేస్తున్నామనీ మీరే రాశారు. మొక్కను కాపాడాలనే ఉద్దేశంతోనే మీరు ఈ మూడు పనులూ చేస్తున్నారు, కానీ మూడూ తెగులుకే ఉపయోగపడుతున్నాయి.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. సాయంత్రం లోపలి గాలి 25 డిగ్రీల దగ్గర, 75 శాతం తేమతో ఉందనుకోండి. అంటే ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి ఉంది. గాలి చల్లబడి 20 డిగ్రీలకు వచ్చేసరికి అది మోయగలిగింది కూడా దాదాపు అంతే, అంటే తేమ మీటరు నూరు చూపుతుంది. అర్ధరాత్రి దాటాక 15 డిగ్రీలకు పడిపోతే గాలి మోయగలిగేది సుమారు 13 గ్రాములే. మిగిలిన 4 గ్రాముల పైచిలుకు నీరు ఎక్కడో ఒకచోట వాలాలి. వెయ్యి చదరపు మీటర్ల విస్తీర్ణం, సగటున నాలుగు మీటర్ల ఎత్తు ఉన్న గ్రీన్‌హౌస్‌లో ఇది సుమారు 18 లీటర్లు అవుతుంది. సాయంత్రపు నీటితో తడిసిన నేల నుంచి లేచే ఆవిరి, ఆకులు వదిలే ఆవిరి దీనికి అదనం. ఆ నీరంతా ప్లాస్టిక్ పైకప్పు లోపలి వైపున, ఆకుల మీద, కాయల మీద చేరుతుంది. పైగా నిర్మలమైన ఆకాశం ఉన్న రాత్రి పలుచటి పాలిథీన్ గుండా వేడి బయటికి పోయి, ఆకు తన చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా తయారవుతుంది. అందువల్ల మీటరు 90 శాతమే చూపుతున్నా ఆకు మీద తడి పట్టి ఉండవచ్చు. మీటరును నమ్మి ఊరుకోకుండా తెల్లవారుజామున టార్చి తీసుకుని లోపలికి వెళ్ళండి. నడుము ఎత్తులో ఉన్న ఆకు అంచుల వెంట సన్నని బొట్లు వరుసగా మెరుస్తున్నాయో లేదో చూసి, వేలి వెనక భాగంతో ఆకు అడుగును తాకండి. చన్నీటి స్పర్శ తగిలితే మీకు కావలసిన సమాధానం దొరికినట్టే.

కాబట్టి రేపటి నుంచి డ్రిప్పు నీటిని ఉదయానికి మార్చండి, ఎండ ఎక్కువ ఉన్న రోజున మధ్యాహ్నం మరో తడి ఇవ్వండి, చివరి తడి సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు ముగిసేలా చూడండి. మొక్క తీసుకున్న నీటిలో తొంభై శాతానికి పైగా ఆకుల ద్వారా ఆవిరిగానే బయటికి వస్తుంది కనుక, పొద్దుపోయాక ఇచ్చిన నీరు రాత్రి తేమగా మారుతుంది. సాయంత్రం తెరలు దించే ముందు పై కిటికీలు, పక్క తెరలు పూర్తిగా తెరిచి, పగటి తడి గాలి బయటికి పోయి బయటి పొడి గాలి లోపలికి వచ్చేదాకా ఆగండి. వేడి చేసే సదుపాయం ఉన్నవారు ఆ తరువాత మూసి గాలిని కాస్త వెచ్చబెడితే తేమ శాతం వెంటనే దిగుతుంది. ఆ సదుపాయం లేకపోతే పక్క తెరలు దించినా పై కిటికీని ఒక జానెడు తెరిచే ఉంచండి. లోపల ఒకటి రెండు డిగ్రీల వెచ్చదనం తగ్గుతుందని భయపడవద్దు. కీరదోస 15, 16 డిగ్రీల పొడి రాత్రిని ఓర్చుకున్నట్టు 18 డిగ్రీల తడి రాత్రిని ఓర్చుకోలేదు. బయట వాన పడుతూ గాలి కూడా తడిగా ఉన్న రాత్రుల్లో మాత్రం కిటికీ తెరవడం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. అలాంటప్పుడు లోపలి గాలిని కదిలించే ఫ్యాన్లను రాత్రంతా తిరగనివ్వండి. ఆకులు మెల్లగా ఊగేంత గాలి, సెకనుకు పావు మీటరు నుంచి అర మీటరు వరకు, సరిపోతుంది.

ఉదయం వేళను కూడా చాలామంది పట్టించుకోరు. సూర్యుడు ఎక్కగానే లోపలి గాలి త్వరగా వేడెక్కి ఆవిరిని నింపుకుంటుంది, కాయలూ కాడలూ మాత్రం లావుగా ఉండటం వల్ల నెమ్మదిగా వేడెక్కుతాయి. ఆ గంటా గంటన్నర చల్లని కాయ మీద, వేసవిలో చన్నీళ్ళ గ్లాసుకు పట్టినట్టే చెమట పడుతుంది. కనుక పొద్దు పొడవగానే పై కిటికీ తెరిచి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా కాకుండా మెల్లగా పెరిగేలా చూడండి.

కప్పు నుంచి రాలే బొట్లను కూడా గమనించండి. నేను చాలా కాలం చూసిన ఒక గ్రీన్‌హౌస్‌లో ఏ పంట వేసినా మొదటి మచ్చలు ఒకే వరుసలో పడేవి. విత్తనం మార్చారు, మందు మార్చారు, ఆ వరుసలో మట్టి కూడా మార్చారు. ఒక తెల్లవారుజామున ఆ వరుస కింద నిలబడితే విషయం తెలిసింది. పైన షీటు వదులై బొజ్జలా కిందికి దిగి ఉంది, రాత్రంతా కప్పు లోపలి తడి అక్కడికి జారి వచ్చి, బొట్టు బొట్టుగా సరిగ్గా ఆ మొక్కల నడినెత్తి మీద పడుతోంది. షీటు బిగించిన తరువాత ఆ వరుసకూ మిగతా వరుసలకూ తేడా లేకుండా పోయింది. మీ గ్రీన్‌హౌస్‌లో తెగులు ఎక్కడ మొదలైందో గుర్తు తెచ్చుకుని ఆ చోట కప్పును, గట్టర్లను ఒకసారి చూడండి.

మందుల విషయం. బూజు తెగులుకు మాన్‌కోజెబ్, క్లోరోథలోనిల్, రాగి మందుల వంటివి ఆకు పైన పొరగా నిలిచి కొత్త ఇన్ఫెక్షన్‌ను ఆపుతాయి, లోపలికి వెళ్ళిన దానిని ఏమీ చేయలేవు. లోపలికి దిగి పనిచేసే వాటిలో మాండిప్రోపమిడ్, డైమిథోమార్ఫ్, సైమోక్సానిల్, ఫ్లుయోపికోలైడ్ వంటివి ఉన్నాయి. వీటిలో మీ ప్రాంతంలో కీరదోసకు అనుమతి ఉన్నవాటినే, లేబుల్ మీద ఉన్న మోతాదులోనే వాడండి. మందులు మార్చి కొట్టడం అంటే డబ్బా మీది పేరు మార్చడమని అనుకోవద్దు. పనిచేసే తీరు, అంటే గ్రూపు మారాలి. మాండిప్రోపమిడ్, డైమిథోమార్ఫ్ రెండూ ఒకే గ్రూపు, 40వ సంఖ్య కిందివి. ఒకదాని తరువాత ఒకటి కొడితే ఒకే మందును రెండుసార్లు కొట్టినట్టే. చాలా దేశాల్లో ఈ గ్రూపు సంఖ్యను లేబుల్ మీద ముద్రిస్తున్నారు, కొనేటప్పుడు దానిని చూడండి.

గ్రూపు మార్చకపోతే ఏం జరుగుతుందో గ్రీన్‌హౌస్ పంటల చరిత్రే చెబుతుంది. కార్బెండజిమ్ కుటుంబానికి చెందిన బెనోమిల్ 1968లో వాడకంలోకి వచ్చింది, ఆ మరుసటి ఏడాదికే దోసజాతి పంటల బూడిద తెగులులో దానికి లొంగని రకం నమోదయింది. 1970వ దశకం చివర్లో వచ్చిన మెటలాక్సిల్‌కు ఇదే బూజు తెగులు 1980 నాటికే నిరోధకత చూపింది. మూసి ఉన్న చోట, ఏడాది పొడవునా ఒకే పంట మీద, వారం వారం ఒకే మందు పడితే ఇలాగే జరుగుతుంది. కనుక మొదటిసారి లోపలికి దిగే మందును మాన్‌కోజెబ్ వంటి పైపూత మందుతో కలిసి ఉన్న రూపంలో కొట్టి, లేబుల్ చెప్పిన విరామం తరువాత వేరే గ్రూపుకు మారండి. ఒక పంటకాలంలో ఒక గ్రూపును లేబుల్ అనుమతించిన సార్ల కంటే ఎక్కువ వాడకండి. కీరదోసను రోజు విడిచి రోజు కోస్తారు కనుక, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద చూసి, ఆ గడువు తక్కువ ఉన్న మందునే ఎంచుకోవడం తినేవారి పట్ల మన బాధ్యత. గ్రీన్‌హౌస్‌లో వాన కడగదు, అందువల్ల మందు అవశేషం బయటి పొలంలో కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. కొట్టేవారికి మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. కొట్టాక గాలి మారేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు.

పిచికారీని సాయంత్రం నుంచి ఉదయానికి మార్చండి, ఆకు గంటా రెండు గంటల్లో ఆరిపోయే వేళను ఎంచుకోండి. మందు ఆకు వెనక వైపుకు చేరుతోందా అన్నది ఒకసారి పరీక్షించండి. తెల్ల కాగితం ముక్కలను పిన్నుతో ఆకుల అడుగున, పందిరి మధ్యలో నాలుగైదు చోట్ల గుచ్చి, రంగు కలిపిన నీళ్ళు మీరు రోజూ కొట్టే పద్ధతిలోనే కొట్టి చూడండి. నేను ఈ పరీక్ష చేయించిన ప్రతిచోటా మొదటిసారి సగానికి పైగా కాగితాలు తెల్లగానే ఉండిపోయాయి. నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి కొట్టడం, కింది ముదురు ఆకులు తీసి గాలికి దారి ఇవ్వడం తరువాత ఫలితం మారింది.

టమాటా మీద మీకు కనిపిస్తున్నది వేరే తెగులు, గ్రే మోల్డ్ అనే బూడిద రంగు బూజు. దీనిని కలిగించే బోట్రైటిస్ సినెరియా నిజమైన శిలీంద్రమే. ఇది ఆరోగ్యంగా ఉన్న ఆకు మీద కంటే చనిపోయిన కణజాలం మీద ముందు స్థిరపడుతుంది: కాయకు అంటుకుని ఎండిన పూరేకు, ఆకు కోసినప్పుడు కాండానికి మిగిలిపోయిన మొండి, తాడు రాపిడికి పడిన గాయం. అక్కడ బలం పుంజుకుని కాండంలోకి దిగి, చుట్టూ గోధుమ రంగు మచ్చగా వ్యాపించి, ఆపైన ఉన్న మొక్కను మొత్తం ఎండబెడుతుంది. ఆకులు, పక్క పిలకలు తీసే పనిని ఎండ వచ్చి మొక్క ఆరిన తరువాతే చేయండి, అప్పుడు గాయం సాయంత్రానికి ఎండి గట్టిపడుతుంది. వేలెడు మొండి వదలకుండా కాండానికి ఆనించి శుభ్రంగా తీయండి. బూజు పట్టిన భాగాన్ని కోసే ముందు దాని మీద పాలిథీన్ సంచి తొడగండి, ఎందుకంటే కదిలిస్తే చాలు, బూడిద రంగు పొగలా బీజాలు లేవడం కంటికే కనిపిస్తుంది. తీసిన చెత్తను ద్వారం పక్కన కుప్ప పోయకుండా దూరంగా తీసుకుపోయి పూడ్చండి. బోట్రైటిస్ కూడా కార్బెండజిమ్ కుటుంబానికి ఎప్పుడో నిరోధకత సంపాదించింది కనుక ఇక్కడ కూడా ఆ మందు మీద ఆశ పెట్టుకోవద్దు. రాత్రి తేమ తగ్గి, గాయాలు ఎండితే ఈ తెగులు చాలా వరకు మందు లేకుండానే అదుపులోకి వస్తుంది. కొత్త గాయాల మీద బాసిల్లస్ సబ్టిలిస్ వంటి జీవ సంబంధ మందును ముందుగా కొట్టడం కొంత తోడ్పడుతుంది.

వచ్చే పంట గురించి అడిగారు కాబట్టి ఈ రెండు తెగుళ్ళ మనుగడలో ఉన్న తేడా చెప్పాలి. బూజు తెగులు జీవి సాధారణంగా బతికి ఉన్న దోసజాతి మొక్క మీదనే బతుకుతుంది. పాత తీగలన్నీ పీకేసి, గ్రీన్‌హౌస్ లోపల, చుట్టుపక్కల దోస, గుమ్మడి జాతి మొక్కలు, తనంతట మొలిచినవి కూడా, ఏవీ లేకుండా కొన్ని వారాలు ఖాళీగా ఉంచితే లోపలి మూలం తెగిపోతుంది. తరువాత గాలిలో బయటి నుంచి వచ్చే బీజాలకు, తట్టుకునే రకాన్ని ఎంచుకోవడమే మేలైన రక్షణ. బోట్రైటిస్ అలా కాదు, చచ్చిన ఆకులు, కాడల మీద నల్లని గట్టి గింజలుగా మారి తరువాతి పంట కోసం కాచుకుని ఉంటుంది కనుక అక్కడ చెత్త ఏరివేత ముఖ్యం. నేలను తడిపి, పారదర్శకమైన పాలిథీన్ పరిచి, ఎండలు బాగా ఉన్న నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి ఉంచే పద్ధతి నారుకుళ్ళు, వేరుకుళ్ళు కలిగించే శిలీంద్రాలను బాగా తగ్గిస్తుంది, కానీ ఆకు మీది బూజు తెగులుకు అది సమాధానం కాదు.

చివరిగా, సరైన మందు కొట్టిన మరుసటి రోజే ఫలితం కోసం చూడకండి. ఆకులోకి ముందే దిగిన తెగులు మచ్చగా బయటపడటానికి నాలుగు రోజుల నుంచి వారం పైన పడుతుంది కనుక, మొదటి వారంలో కొత్త మచ్చలు కనిపించినా మోతాదు పెంచవద్దు. పిచికారీ చేసిన రోజున పది మొక్కలకు, పైన అప్పుడే విచ్చుకున్న ఆకు తొడిమకు రంగు దారం కట్టండి. పన్నెండు రోజుల తరువాత తెల్లవారుజామున దారానికి పైన ఉన్న ఆకులను ఒక్కొక్కటిగా తిప్పి చూడండి. దారం కింద పాత మచ్చలు ఎండి, వెనక నూగు లేకుండా, దారం పైన ఆకులు శుభ్రంగా ఉంటే గాలి, నీరు, మందు మూడూ కుదిరినట్టే. అప్పటికీ పైన మచ్చలు పడుతుంటే, ఆ పన్నెండు రాత్రుల తేమ అంకెలు, తెరలు మూసిన వేళలు, కొట్టిన మందు పేరు, గ్రూపు సంఖ్య రాసి పంపండి.